రోగానికి నలభై ఏళ్లు, కేస్ షీటుకు మూడేళ్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారానికి ముందు వారం మీ ఆరోగ్యం పేజీలో గుండె పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ గురించి అరపేజీ వ్యాసం వేశారు. అప్పుడే రాద్దామనుకున్నాను. మనవరాలి పరీక్షల హడావుడిలో కుదరలేదు. ఈలోగా కోపం తగ్గుతుందేమో అనుకున్నాను, అదీ కాలేదు.

ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) గురించి రాశారు, మంచిదే. విదేశాల్లో జన్యువుల మీద జరుగుతున్న పరిశోధన గురించి రాశారు, అదీ మంచిదే. కానీ చివర్లో బాక్స్ కట్టి మరీ ఉప్పు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, టెన్షన్ పెట్టుకోకండి అని సలహాలిచ్చారు. బీపీ వ్యాసం కోసం దాచుకున్న బాక్స్ తెచ్చి ఇక్కడ పెట్టారా ఏమిటి? మీరు రాసిన ఆ గుండె పొర క్యాన్సర్, అంటే పెరికార్డియల్ మెసోథీలియోమా, ఉప్పుతో వచ్చేది కాదు, నడిస్తే పోయేదీ కాదు. ఇక మెసోథీలియోమాకు ముఖ్య కారణమైన ఆస్బెస్టాస్ (రాతినార) మాట వ్యాసం మొత్తం మీద ఒక్కసారి వచ్చింది, అదీ 'కొన్ని పరిశ్రమల్లో వాడే ఒక ఖనిజం' అని. ఆ ఖనిజాన్ని చూడ్డానికి పరిశ్రమల దాకా పోనక్కర్లేదండీ. మన హైదరాబాద్ బోరబండలో ఏ మేడ ఎక్కి కిందికి చూసినా చాలు, ఆస్బెస్టాస్ కలిపిన సిమెంటు రేకులే.

మెసోథీలియోమా ఎక్కువగా వచ్చేది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు. ఆ తర్వాత పొట్టలోని పొరకు. గుండె పొరకు వచ్చేది నూటికి ఒకటి ఉంటే గొప్ప. ఆయాసం, కాళ్ల వాపు, గుండె చుట్టూ నీరు... ఈ లక్షణాలు చూసి మన దగ్గర డాక్టర్లు ముందు టీబీ అనుకుంటారు. అందులో వాళ్ల తప్పు లేదు, మన దేశంలో టీబీ అంత ఉంది మరి. నీరు తీస్తారు, మళ్లీ చేరుతుంది. తీసిన నీటిలో చాలాసార్లు క్యాన్సర్ కణాలు కనపడవు. పొర ముక్క తీసి బయాప్సీ చేసి, కణం ఏ రకమో చెప్పే కాల్‌రెటినిన్ లాంటి మార్కర్లతో పరీక్షిస్తే తప్ప తేలదు. తేలేసరికి చాలామందికి మిగిలేది నెలలే. పోనీ మందులా? పెమెట్రెక్సెడ్ అనే కీమో మందుకు 2004లో, మీరు రాసిన ఇమ్యునోథెరపీ జోడీకి 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది ఊపిరితిత్తుల పొర రకానికి. ఆ ప్రయోగాలు జరిగింది కూడా ఆ రోగుల మీదే. గుండె పొర వాళ్లకు ఇస్తున్నది అరువు తెచ్చుకున్న వైద్యం. 'కొత్త ఆశ' అని హెడ్డింగ్ పెట్టే ముందు ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పాల్సింది.

ఇవన్నీ నాకెలా తెలుసంటారేమో. నేను డాక్టర్ని కాదు. నగరంలో ఒక పెద్దాసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. డిశ్చార్జ్ అయిన, చనిపోయిన రోగుల కేస్ షీట్లకు ఐసీడీ కోడ్‌లు (జబ్బులకు ప్రపంచమంతా వాడే వర్గీకరణ నంబర్లు) వేయడం మా పని. గుండె పొర మెసోథీలియోమా కోడ్ సి45.2. గుండెకు వచ్చే మిగతా క్యాన్సర్లది సి38.0. తొందరలో ఉన్నవాళ్లు రెండోది వేసి అవతల పడేస్తారు. దాంతో ఆ రోగి లెక్కల్లోంచి మాయం. పని వల్ల తగిలే దుమ్ము, రసాయనాల కోసం జెడ్57 అని వేరే కోడ్‌లే ఉన్నాయి. మా విభాగంలో అవి పుస్తకంలో అచ్చులో తప్ప కాగితం మీద కనపడింది లేదు.

ఎందుకంటే కేస్ షీటులో 'వృత్తి' అన్న గడిలో ఉండేవి మూడే మాటలు: కూలీ, గృహిణి, నిల్. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కాబట్టి 'అదర్స్' నొక్కుతున్నారు. ప్రగతే.

ఒకసారి ఒకావిడ భర్త చనిపోయాక బీమా కోసం కాగితాలు అటెస్ట్ చేయించుకోవడానికి మా కౌంటర్‌కు వచ్చింది. షీటు మీద సి45.2 అని ఉండటంతో కోడ్ వేసినవాళ్లు ఎవరో బుద్ధిమంతులే అనుకున్నాను. వృత్తి దగ్గర మాత్రం 'కూలీ'. ఏం పనమ్మా అని అడిగాను. "రేకులు కోసేటోడు మేడం. మిషన్‌తోటి. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లగుండేది, నేనే బట్టలు దులిపి ఉతికేదాన్ని" అంది. అదే పని పెళ్లికి ముందు నుంచీ చేశాడట. ఆ వివరం షీటులో చేర్చమని పైఅధికారి దగ్గరికి వెళ్తే, "డిశ్చార్జ్ సమ్మరీ అయిపోయాక ఇప్పుడెందుకమ్మా, ఆడిట్‌లో తలనొప్పి" అన్నారు. అంతటితో అయిపోయింది. ఆవిడ బట్టలు దులిపిందన్న సంగతి ఇంకా ముఖ్యం. వాటి మీది దుమ్ము పీల్చిన ఇంటివాళ్లకు కూడా మెసోథీలియోమా వచ్చిన ఉదాహరణలు వైద్య పత్రికల నిండా ఉన్నాయి. ఆవిడను ఎవరు అడిగారు, ఎక్కడ రాశారు?

అసలు ఈ జబ్బు మీద పరిశోధన మొదలైందే ఇలా అడగడంతో. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పెథాలజిస్టు, ఆయన సహచరులు 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఒక్కరికి తప్ప మిగతా అందరికీ నీలి రాతినార తగిలి ఉండొచ్చని తేలింది. వాళ్లలో గనుల్లో పని చేయని వాళ్లూ ఉన్నారు. గనుల దగ్గర పుట్టి పెరిగారు, అంతే. మైక్రోస్కోపులో అది కనపడదు కదా. నువ్వు ఎక్కడ పెరిగావు, ఏం పని చేశావు అని మనిషిని అడిగితేనే తెలిసింది.

ఇటలీ వాళ్లు 1992లో ఆస్బెస్టాస్‌ను నిషేధించి ఊరుకోలేదు. మెసోథీలియోమాకు జాతీయ రిజిస్టర్ పెట్టుకున్నారు. రోగిని, ఆయన లేకపోతే ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఉద్యోగాల చరిత్ర, ఇళ్ల చరిత్ర రాసుకుంటారు. ఆ రిజిస్టర్ ఉండబట్టే గుండె పొర రకానికీ ఆస్బెస్టాస్‌కూ సంబంధం ఉందని 2020లో వాళ్లు పరిశోధన పత్రం రాయగలిగారు. అంతవరకూ అది వాదోపవాదాల్లోనే ఉండేది. నిజం చెప్పాలంటే అన్ని కేసుల్లోనూ ఆస్బెస్టాస్ జాడ దొరకదు. దొరకనిది లేకనా, అడగకనా అన్నది తేలాలంటే అడగాలి కదా!

మన దగ్గర ఆ ఏర్పాటు చూడండి. రాతినార పీల్చినప్పటి నుంచి మెసోథీలియోమా బయటపడటానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు. ఇన్‌పేషెంట్ రికార్డును డాక్టర్లు భద్రపరచాల్సిన గడువు, 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, మూడేళ్లు. మూడేళ్లు దాటిన కట్టల్ని తెల్లగుడ్డలో మూటగట్టి మెట్ల కింద పడేసేవాళ్లు. వాన పడితే తడిసేవి. ఆ గదికీ రేకుల కప్పే అని చెప్తే మీరు నవ్వుతారు. సుప్రీంకోర్టు 1995లోనే ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నలభై ఏళ్లు, లేదా రిటైరయ్యాక పదిహేనేళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని చెప్పింది. ఫ్యాక్టరీలో జీతం తీసుకున్నవాళ్ల సంగతి అది. దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద గ్రైండర్‌తో కోసిన వాడికి, నిచ్చెనెక్కి జే బోల్టు కోసం చిల్లులు పెట్టిన వాడికి రిజిస్టరూ లేదు, రిటైర్మెంటూ లేదు.

ప్రభుత్వాల తీరు ఇంకో కథ. రాతినార తవ్వకానికి 1986 నుంచి కొత్త లీజులు ఆపేశారు, 1993లో పాతవాటి పునరుద్ధరణ కూడా ఆపారు. మన కడప జిల్లా పులివెందుల వైపు కూడా ఒకప్పుడు తవ్విన ఖనిజమే. తవ్వడం ప్రమాదమట, దిగుమతి మాత్రం క్షేమమట! ఏటా లక్షల టన్నులు వస్తోంది, ఎక్కువగా రష్యా నుంచి. తెల్ల ఆస్బెస్టాస్ సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఎప్పుడో తేల్చింది. తెల్ల ఆస్బెస్టాస్‌ను ప్రమాదకర రసాయనాల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న రాటర్‌డామ్ ఒప్పందం జాబితాలో చేర్చడానికి 2011లో మన ప్రతినిధులు సరేనంటే చప్పట్లు కొట్టారు. 2013కల్లా మాట మార్చారు. అది నిషేధం కూడా కాదు, అమ్మేవాడు ముందే చెప్పి కొనేవాడి సమ్మతి తీసుకోవాలన్నది మాత్రమే. అంతకే భయపడ్డారు.

రేకుల కింద ఉండేవాళ్లను బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు. కదపకుండా ఉన్న రేకు నుంచి పెద్దగా దుమ్ము రాదు. కోసినప్పుడు, చిల్లు పెట్టినప్పుడు, పగలగొట్టినప్పుడే ముప్పు. మరి ఈ నగరంలో రోజూ జరుగుతున్నదేమిటి? జేసీబీ వచ్చి షెడ్డును నలిపేస్తుంది, ముక్కలు ట్రాక్టర్‌కెత్తి చెరువు గట్టున గుమ్మరిస్తారు, పిల్లలు వాటితో ఆడుకుంటారు. మిగిలిన ముక్క మోరీ మీద మూతగా పెడతారు. మూసాపేటలో మా వీధిలోనే ఉన్నాయి, కావాలంటే మీ ఫొటోగ్రాఫర్‌ను పంపండి. కూల్చేవాళ్లు కడుపుకూటి కోసం ముఖానికి తువ్వాలు చుట్టుకుని పనిచేస్తుంటే, కూల్పించే అధికారులు ఏసీ బండిలో అద్దాలెత్తుకుని చూస్తారు. వాళ్లకు మాత్రం ప్రమాదం బాగానే తెలిసినట్టుంది.

ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో కొత్త భవనం కడతామని శంకుస్థాపన చేశారు, సంతోషం. ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు చేశారు, ఇంకా సంతోషం. వీటికి ఫ్లెక్సీలు కట్టొచ్చు. వృత్తి గడి సరిగ్గా నింపితే ఫ్లెక్సీ కట్టరు, అందుకే అది జరగదు. నిమ్స్ ఆసుపత్రిలో హైదరాబాద్ క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోగులు కిక్కిరిసి ఉన్నారు, సీసీఎంబీ పరిశోధన సంస్థలో జన్యువులు చదివే శాస్త్రవేత్తలున్నారు. ముగ్గురూ ఒకే నగరంలో ఉన్నారు. రోగి ఏం పని చేసేవాడో రాసిన కాగితం ఒక్కటీ వాళ్ల చేతికి వెళ్లకపోతే పరిశోధన దేని మీద చేస్తారు?

ఆరోగ్యశాఖ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఓపీ చీటీ మీద రెండు ప్రశ్నలు అచ్చు వేయించాలి: ఇంతవరకూ ఏయే పనులు చేశారు, చిన్నప్పటి నుంచి ఎక్కడెక్కడ ఉన్నారు. జవాబులు రాయడానికి ఒక మనిషిని పెట్టాలి. మెసోథీలియోమా అని తేలిన ప్రతి షీటునూ, బయాప్సీ ముక్కను దాచే మైనపు బ్లాకునూ మూడేళ్ల నిబంధన నుంచి తప్పించి నలభై ఏళ్లు దాచాలి. చీటీ మీద స్థలం లేదంటారేమో, వెనక వైపు ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విశ్రాంత మెడికల్ రికార్డుల ఉద్యోగిని,
మూసాపేట, హైదరాబాద్