హంద్రీ ఒడ్డు అంతా ప్లాట్లేనా?

సంపాదకులకు నమస్కారం. కర్నూలు ఊరి చివర హంద్రీ ఏటి పక్కన రోజూ పొద్దున నడుస్తాను. పోయిన ఏడాది దాకా అక్కడ ఒక పెద్దాయన పాలకూర, చుక్కకూర పండించేవాడు, తెల్లారేసరికి కట్టలు కట్టి సైకిల్ మీద టౌనుకు తెచ్చేవాడు. ఇప్పుడు ఆ మళ్లలో ఎర్రమట్టి పోసి, తెల్ల రంగు హద్దురాళ్లు పాతారు. ఆ రాళ్ల మధ్య మొన్న ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టుకుని, దగ్గరికి పోతే నా నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచిన సంగతి మనం అప్పుడే మరిచిపోయామా? పొలమైతే వరద నీళ్లు పరుచుకుంటాయి, కొంత ఇంకుతాయి, సిమెంటు రోడ్డయితే నేరుగా ఇళ్లలోకే వస్తాయి.

ఊరు పెరగొద్దని కాదు. మాస్టర్ ప్లాన్‌లో ఏటి ఒడ్డును కూరగాయల సాగుకే ఉంచి, గట్టు మీద చెట్లు వేసి, పిల్లలూ ముసలివాళ్లూ నడవడానికి ఒక మట్టిబాట వదిలితే చాలు, గ్రానైటు బెంచీలూ రంగు లైట్లూ ఎవరడిగారు? రైతు కూడా ఊరికే భూమి అట్టిపెట్టుకోలేడు, కాబట్టి బోరుకు, డ్రిప్పుకు సాయం చేసి రైతుబజారులో చోటివ్వాలి. మురుగునీళ్లు ఏట్లో కలవకుండా ముందు ఆపాలి, లేకపోతే ఆ కూర మనమే తినాలి.

— ఒక పాఠకుడు, కర్నూలు