శిక్షణ పిల్లల ముందు జరగాలి

సంపాదకులకు నమస్కారం.

2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అలా ఉద్యోగం వచ్చిన వాళ్ళలో మా మేనకోడలు ఒకతి. గోదావరి పాయ దాటి లంక ఊరి బడికి వెళ్తుంది. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ తనవే. చదువులో చురుకైన పిల్ల, బోలెడు పోటీలో నెగ్గి వచ్చింది. అయినా చేరిన కొత్తలో రాత్రిపూట ఫోన్ చేసి, "అత్తా, నేను చెప్పే పద్ధతి సరిగ్గానే ఉందంటావా? ఎవరైనా వచ్చి నా క్లాసు చూస్తే బాగుణ్ణు" అనేది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

శిక్షణకు వెళ్ళలేదా అంటే, వెళ్ళింది. హాల్లో కుర్చీలు, ప్రొజెక్టరు, ఉదయం, సాయంత్రం హాజరు, చివర్లో గ్రూప్ ఫోటో. మాడ్యూల్ పుస్తకం నేనూ చదివాను, బాగానే రాశారు. చెప్పడానికి వచ్చినవాళ్ళూ పాపం కష్టపడ్డారట. కానీ ఆ హాల్లో ఒక్క పిల్లాడు లేడు. పిల్లలు లేనిచోట పాఠం చెప్పడం ఎలా వస్తుంది?

నేను ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసిన బడిలో కాంప్లెక్స్ మీటింగ్, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం, జరిగిన రోజున మూడో తరగతి పిల్లల్ని ఇంటికి పంపకుండా ఉంచేవాళ్ళం. ఒకసారి బోర్డు మీద 42లోంచి 17 తీసేయమంటే ఒక పాప 35 అని రాసింది. వెనక కూర్చున్న మా టీచర్లలో ఒకరు అజాగ్రత్త అన్నారు, ఇంకొకరు కింది తరగతిలో నేర్పలేదన్నారు. లెక్కలు చెబుతున్న మేష్టారు మాత్రం పాపనే అడిగారు, "ఎలా చేశావమ్మా?" అని. "రెండులోంచి ఏడు పోదు కదండీ, అందుకని ఏడులోంచి రెండు తీసేశానండి" అంది. అందరం ఒక్కసారి నిశ్శబ్దమైపోయాం. పాప ఆలోచించే చేసింది, ఆలోచన ఎక్కడ పక్కకు వెళ్ళిందో మాకు అప్పుడు కనబడింది. మేష్టారు కొబ్బరి ఈనెపుల్లలు తెచ్చారు. పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడివి రెండు ఆమె చేతిలో పెట్టి పదిహేడు ఇవ్వమన్నారు. ఒక కట్ట ఇచ్చేసింది. ఇంకో ఏడు కావాలి, విడివి రెండే ఉన్నాయి. కాసేపు చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక కట్టకున్న రబ్బరు బ్యాండు తీసేసింది. ఏడు లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి చూసుకుని "ఇరవై ఐదండీ" అంది.

ఆ అరగంటలో మాకు వచ్చినంత ధైర్యం ఏ ఉపన్యాసంలోనూ రాలేదు. ఆ రోజు చూసిన కుర్ర టీచర్లు తర్వాత తమ బడుల్లో పిల్లల తప్పుల్ని నోటు పుస్తకంలో రాసుకుని మీటింగ్‌కి తెచ్చేవాళ్ళు. "మావాడు ఇలా రాశాడు, ఎందుకంటారు?" అని అడగడానికి మొహమాటపడటం మానేశారు. తెలియనిది పదిమందిలో అడగగలిగిన టీచరే రేపు క్లాసులో నిబ్బరంగా నిలబడుతుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మేము ఏపీపీఈపీ అనేవాళ్ళం, నా తరం టీచర్లకు బాగా గుర్తు. 1990ల మొదట్లో చుట్టుపక్కల బడుల టీచర్లంతా టీచర్ సెంటర్లలో కలిసేవాళ్ళం. పిల్లలు చేసి నేర్చుకోవాలి, పరిసరాల్లో దొరికేది వాడాలి, పిల్లల పని గోడల మీద పెట్టాలి అనేవి దాని సూత్రాల్లో ఉన్నాయి. లోపాలూ ఉన్నాయి, చార్టులు కట్టి పెట్టి చూపించడమే పనైపోయిన చోట్లూ ఉన్నాయి. కానీ పక్క బడి టీచరుతో కలిసి కూర్చునే అలవాటు అక్కడే అబ్బింది.

ఇప్పటి శిక్షణలు రాష్ట్ర స్థాయిలో మొదలై, జిల్లాకు, అక్కడినుంచి మండలానికి దిగుతాయి. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు మా శివారు చేలకు చేరేసరికి ఎంత మిగులుతాయో డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. ఆ మాడ్యూలు కూడా ఒక టీచరుకు ఒకే తరగతి ఉన్నట్టు రాసి ఉంటే, ఐదు తరగతుల్ని ఒక్క గదిలో కూర్చోబెట్టుకున్న పిల్లకు అందులో దొరికేది తక్కువ. ఇంగ్లీషు మీడియం టెన్షన్ సరే సరి.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. ఆ గంటల్లో సగమైనా పిల్లలున్న క్లాసులోనే జరగాలని నా కోరిక. శిక్షకులు మా లంక బడికి వచ్చి, మా పిల్లలకే, ఐదు తరగతులకూ కలిపి ఒక పూట చెప్పి చూపించాలి. కుదరలేదా, ఎందుకు కుదరలేదో అక్కడే అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. బొమ్మూరు, దూబచర్లల్లోని డైట్‌లలో, అంటే టీచరు శిక్షణ కాలేజీల్లో, చదువుతున్న ఛాత్రోపాధ్యాయులనూ ఆ రోజు పిలవాలి. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి ఏడాది దగ్గర బడిలోని సీనియర్ ఒకరిని తోడుగా ఇవ్వాలి. ఆ సీనియరు రాసేది రిపోర్టు కాకూడదు, పైకి పంపకూడదు. పంపితే కొత్త టీచరు నోరు మెదపదు. తోడు టీచరు వెళ్ళిన రోజు ఆమె క్లాసును సీఆర్ఎంటీలు, అంటే బడుల మధ్య తిరుగుతూ పనిచేసే క్లస్టర్ టీచర్లు, చూసుకోవచ్చు, వాళ్ళమీద పడ్డ డేటా పనులు తగ్గిస్తే.

ఇంకో మాట. శిక్షణలో పిల్లల స్థాయిని బట్టి చెప్పమంటారు. తనిఖీకి వచ్చినవారు ఈ తేదీకి ఏ పేజీలో ఉన్నావని అడుగుతారు. "ఈ పాఠం ఇంకో వారం పడుతుందండీ, పిల్లలకు ఇంకా పట్టు రాలేదు" అని టీచరు చెప్పినప్పుడు ఆ మాటకు విలువ ఉండాలి. అది లేకుండా ఎన్ని శిక్షణలిచ్చినా, ఆమె నేర్చుకున్నది సంచిలోనే ఉండిపోతుంది.

కోనసీమ జిల్లా విద్యాశాఖ అధికారులు ఏదో ఒక కాంప్లెక్స్‌లో ఈ పద్ధతి మొదలుపెట్టాలని మనవి. తోడు టీచర్లు చాలకపోతే నాలాంటి రిటైరైన వాళ్ళం ఊరికి నలుగురైదుగురం ఉన్నాం. పిలిస్తే వస్తాం. టీఏ, డీఏ అక్కర్లేదు, రేవు దాటించే పంటు టైముకి ఫోన్ చేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
సఖినేటిపల్లి మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.