పాయింటు విలువ పైసల్లో చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ఈమధ్య షాపింగ్ మాల్ ముందు టేబుల్ వేసుకుని 'ట్రావెల్ కార్డు' అనే క్రెడిట్ కార్డు తీసుకోమని అడగడం మామూలైపోయింది. ఎయిర్‌పోర్టులో లాంజ్ (కూర్చుని తినే విశ్రాంతి గది) ఫ్రీ, చేరగానే 5,000 పాయింట్లు, విమానం టిక్కెట్లు ఉత్తగనే వస్తాయని చెప్తారు. ఒక్క పాయింటుకు ఎన్ని పైసలు అని అడిగితే మాత్రం సూటిగా జవాబు రాదు. ఐదు వేల పాయింట్లంటే ఐదు వేల రూపాయలే అనుకుని సంతకం పెట్టేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

కార్డు మంచిదా కాదా తేల్చడానికి మొదట కావలసింది ఒక్కటే లెక్క: వంద రూపాయలు ఖర్చు పెడితే మనకు తిరిగి వచ్చేది ఎంత? వందకు ఒక పాయింటు, పాయింటుకు 25 పైసలు అయితే వచ్చేది వందకు పావలా. ఆ కార్డుకు ఏడాది ఫీజు 500 ఉందనుకోండి, 18 శాతం జీఎస్టీతో 590 అవుతుంది. ఆ 590 రాబట్టుకోవడానికే 2,36,000 రూపాయలు గీకాలి. లాభం మొదలయ్యేది ఆ తర్వాత. అదే 3,000 ఫీజు కార్డు జీఎస్టీతో 3,540 పడుతుంది, కానీ నిజంగా వందకు రెండు రూపాయలు ఇస్తే 1,77,000 దగ్గరే ఫీజు తీరిపోతుంది. కాబట్టి ఫీజు తక్కువని ఒకటి తీసుకోవడం, పాయింట్లు ఎక్కువని ఇంకొకటి తీసుకోవడం రెండూ పొరపాటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే పాయింటుకు వాడే చోటును బట్టి విలువ మారుతుంది. విమాన టిక్కెట్టుకు ఒక ధర, గిఫ్టు కూపన్‌కు ఒక ధర, బిల్లులో తగ్గించుకుంటే తరచుగా అన్నిటికన్నా తక్కువ ధర. పాయింట్లు వాడుకున్నందుకు 99 రూపాయలు, దానిపై జీఎస్టీ వసూలు చేసే కార్డులున్నాయి. 400 రూపాయల విలువ చేసే పాయింట్లు వాడితే దాదాపు 117 అక్కడే పోతాయి. నెలనెలా వచ్చే స్టేట్‌మెంట్‌లో పాయింట్ల గడి ఒకటి ఉంటుంది: పాత నిల్వ 1,240, ఈ నెల వచ్చినవి 186, వాడినవి సున్నా, గడువు తీరబోయేవి 310 అన్నట్టు. చాలామంది కట్టాల్సిన మొత్తం చూసి కాగితం మడిచేస్తారు. చూడాల్సింది ఆ చివరి అంకె. రెండు మూడేళ్లకు గడువు తీరే పాయింట్లు చెప్పాపెట్టకుండా మాయమయ్యేది అక్కడే.

ఇక మన ప్రయాణాలు. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లు నారాయణాద్రిలోనో వందేభారత్‌లోనో తిరుపతి పోతారు. పాలమూరు వాళ్లు కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్‌లో బెంగళూరు పోతారు, లేదా జడ్చర్ల మీదుగా సొంత కారులో. విమానం ఎక్కేది ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఇట్లాంటి ఇంటికి విమాన టిక్కెట్లకు పనికొచ్చే ఎయిర్ మైల్స్ కార్డు కన్నా ఐఆర్‌సీటీసీతో కలిసి బ్యాంకులు ఇచ్చే రైల్వే కార్డే అక్కరకొస్తుంది. కొన్ని కార్డుల్లో ఏసీ తరగతులకు, ఏసీ చైర్‌కార్‌కు 10 శాతం దాకా పాయింట్ల రూపంలో తిరిగి వస్తుంది. నలుగురు తిరుపతి పోయి రావడానికి ఏసీ టిక్కెట్లకు 8,000 అయ్యాయనుకుంటే 800 అన్నమాట. కానీ స్లీపర్‌లో పోయేవాళ్లకు ఈ 10 శాతం వర్తించదు. పైగా ఐఆర్‌సీటీసీలో కార్డుతో కడితే కన్వీనియెన్స్ ఫీజు స్లీపర్‌కు 15, ఏసీకి 30 రూపాయలు. యూపీఐతో అయితే 10, 20 మాత్రమే, వీటిపై జీఎస్టీ వేరే. కార్డుకు పేమెంట్ గేట్‌వే చార్జీ, అంటే ఆన్‌లైన్‌లో డబ్బు దాటించినందుకు పడేది, కూడా తోడవుతుంది. ఈ చార్జీ మాఫీ ఉన్న కార్డేనా అని ముందే అడగాలి. స్లీపర్ టిక్కెట్టుకు నేరుగా యూపీఐయే చవక.

కారులో తిరిగేవాళ్లు పెట్రోలు మీద పాయింట్లు వస్తాయని ఆశపడొద్దు. చాలా కార్డుల్లో పెట్రోలుకు పాయింట్లు ఉండవు, 1 శాతం సర్‌చార్జి మాఫీ మాత్రం ఉంటుంది. అదీ ఒక్కసారి కొట్టించే మొత్తం కార్డు చెప్పిన పరిధిలో ఉంటేనే. పంతంగి టోల్ కోసం ఫాస్టాగ్‌లో వేసే డబ్బును కొన్ని బ్యాంకులు వాలెట్ రీచార్జి కిందే లెక్కగట్టి పాయింట్లు ఇవ్వవు. ఇంటి కిరాయి, ఇన్సూరెన్స్, కరెంటు బిల్లు, ప్రభుత్వ చెల్లింపులు కూడా అంతే. 'ఏడాదికి ఇంత ఖర్చు చేస్తే ఫీజు మాఫీ' అన్నప్పుడు ఇవన్నీ ఆ లెక్కలోకి వస్తాయో రావో చదవకుండా పదకొండో నెలలో ఉరుకులాడితే లాభం లేదు.

బ్యాంకు సొంత పోర్టల్‌లో బుక్ చేస్తే ఐదింతల పాయింట్లు అన్న ప్రకటననూ సరిచూసుకోవాలి. బయట 5,000 ఉన్న టిక్కెట్టు పోర్టల్‌లో 5,400 ఉంటే, ఆ ఐదింతలు 5 శాతం అనుకుంటే 270 తిరిగి వచ్చినా మనకు పడేది 5,130. నూట ముప్పై నష్టం. బుక్ చేసే ముందు విమాన సంస్థ సైట్‌లో అదే టిక్కెట్టు ధర చూడటానికి రెండు నిమిషాలు చాలు.

మన రెండు జిల్లాల్లో పిల్లల్ని అమెరికా చదువులకు పంపే కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లు తప్పక చూడాల్సింది విదేశీ మార్కప్, అంటే విదేశీ కరెన్సీలో కడితే బ్యాంకు అదనంగా వేసే చార్జీ. సాధారణ కార్డులో ఇది 3.5 శాతం, జీఎస్టీ కలిపితే 4.13 శాతం. వీసా కోసం కట్టే సెవిస్ రుసుము 350 డాలర్లకు ఇదొక్కటే పద్నాలుగున్నర డాలర్ల దాకా అవుతుంది. లక్ష రూపాయల ఖర్చుకు 4,130 పోతుంటే, వచ్చే వెయ్యి రూపాయల పాయింట్లు చూసి మురిసిపోవడం ఎందుకు? మార్కప్ 2 శాతం ఉన్నవి, అసలే లేనివి కూడా దొరుకుతున్నాయి. కొత్త కార్డులో విదేశీ వాడకం ఆపేసి ఉంటుంది, బయల్దేరే ముందు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. అక్కడి షాపులో మెషిన్ 'రూపాయల్లో కడతారా' అని అడిగితే వద్దని ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోవాలి. రూపాయలకు ఒప్పుకుంటే మారకపు రేటు ఆ షాపు వైపు వాళ్లు వేసిందే, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే.

శంషాబాద్ లాంజ్ గురించి ఒక్క మాట. ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే ప్రవేశం అనే షరతు ఇప్పుడు చాలా కార్డుల్లో ఉంది. ఏడాదికి రెండుసార్లు టిఫిన్, కాఫీ కోసం ఫీజు కట్టి కార్డు ఉంచుకోవాల్సిన పని లేదు.

వీటన్నిటికన్నా పెద్ద గండి వడ్డీ. 20,000 బిల్లులో మినిమం డ్యూ (కనీసం కట్టాల్సిన మొత్తం) పేరుతో 1,000 కట్టారనుకోండి. మిగిలిన 19,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున 665, దానిపై జీఎస్టీ కలిపి దాదాపు 785. నిజానికి వడ్డీ కొన్న రోజు నుంచే పడుతుంది, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. ఆ 20,000 మీద వచ్చిన పాయింట్లు వందకు రూపాయి చొప్పున అనుకున్నా రెండొందలే. టిక్కెట్టు రద్దు చేసి రిఫండ్ వస్తుందని బిల్లు ఆపేవాళ్లకూ ఇదే దెబ్బ. రిఫండ్ వచ్చేది దాని తీరికలో, గడువు మాత్రం ఆగదు. ప్రతి నెలా పూర్తి బిల్లు కట్టలేనివాళ్లకు ఏ రివార్డు కార్డూ గిట్టదు, వాళ్లకు అమ్మకపోవడమే న్యాయం.

రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు నిబంధనల్లో చాలా ఉంది. దరఖాస్తుతో పాటు వడ్డీ, చార్జీలు తెలిపే ఒక పేజీ వివరపత్రం ఇవ్వాలి. షరతులు సులువైన భాషలో, వీలైతే స్థానిక భాషలో కూడా ఉండాలి. అడగని కార్డు పంపకూడదు. బాకీ ఏమీ లేని కార్డు మూసేయమంటే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు కస్టమర్‌కు ఇవ్వాలి. మూసే ముందు పాయింట్లు వాడేసుకోవడం మరవొద్దు. మన ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, ఇలాంటి వివాదాలు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

కానీ టేబుల్ దగ్గర చేతిలో పెట్టేది తళతళలాడే ఇంగ్లిష్ కరపత్రం. మా కోరిక ఇదీ: నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్లు రాబోయే బ్యాంకర్ల సమావేశంలో ఈ విషయం పెట్టి, ఆ ఒక పేజీ వివరపత్రం తెలుగులో, పాయింటు విలువ పైసల్లో, గడువు, వాడుకునే చార్జీ, మార్కప్ అన్నీ కనబడేంత అక్షరాల్లో ఇచ్చాకే సంతకం తీసుకునేలా బ్యాంకులను ఒప్పించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లగొండ