శ్రమకాలం, ఇప్పపూల కాలం

సంపాదకులు గారికి,

ఈస్టరుకు ముందు క్రీస్తు శ్రమలను తలచుకునే శ్రమకాలం ప్రార్థనలు మా సరిహద్దు జిల్లాల్లో ఏటా ఇప్పపూలు రాలే రోజులతో కలిసే వస్తాయి. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలామంది భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా, ఆదివారాలు మినహాయించి 40 రోజులు, ఇంటింటా కూడికలు పెట్టుకుంటారు. ఆ నెలల్లోనే జీలుగు కల్లు దించుతారు, ఇప్పసారా కాస్తారు. శోధనను, అంటే పాపంలోకి లాగే ఆశను, జయించండని ప్రతి కూడికలోనూ వింటాం. బుధవారం మా జిల్లాలోని చాటికోన సంతలో సరుకు అమ్ముకుని, జేబులో డబ్బుతో చీకటి పడేవేళ ఇంటిదారి పట్టిన విశ్వాసి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఉత్తరం.

ప్రభువైన యేసు 40 రోజులు ఉపవాసం ఉండి ఆకలిగొన్నప్పుడు శోధకుడు, అంటే సాతాను, వచ్చాడు. యేసు చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి. అవి ఆయన నోట ముందే ఉన్నాయి. మనకు బైబిలు సంచిలో ఉంటోంది. వారానికి ఒక్క వచనం కంఠతా పడితే చాలు. సోమవారం ఐదుసార్లు పైకి చదవాలి, అధ్యాయం, వచనం సంఖ్య ముందొకసారి, చివరొకసారి చెప్పాలి. గురువారానికి చూడకుండా రావాలి. శనివారం పాతవన్నీ కలిపి ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పాలి. ఈ శనివారం పనే చాలామంది వదిలేస్తారు, రెండు నెలలు తిరిగేసరికి నేర్చినవన్నీ పోతాయి. వచనం కూడా ఎవరి బలహీనతకు తగ్గది వారికి ఇవ్వాలి: తాగుడుకు సామెతలు 23:31, చెడు చూపుకు యోబు 31:1, డబ్బాశకు హెబ్రీయులకు 13:5.

ఇక్కడ మాకో చిక్కుంది. మా పిల్లల్లో ఎక్కువమంది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరాలు రావు. పెద్దలేమో తెలుగు బైబిలే చదవాలని పట్టుబడతారు. పిల్లవాడు అర్థం తెలియకుండా అప్పజెప్పిన మాట కష్టం వచ్చినప్పుడు నాలుక మీదికి రాదు. ఒడియా కొత్త నిబంధన 1809లోనే బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయింది, దాన్ని పరాయిదిగా చూడనక్కర్లేదు. కుటుంబ ప్రార్థనలో తండ్రి తెలుగులో చదివిన భాగాన్నే పిల్లలు ఒడియాలో చదవనివ్వండి.

ఇక దారి సంగతి. చెడ్డవారి త్రోవలో అడుగే పెట్టవద్దు, తొలగి పొమ్మని సామెతలు 4:15 చెబుతుంది. యజమాని పోతీఫరు భార్య పాపానికి పిలిచినప్పుడు యోసేపు మొదట్లో మాటలతో కాదన్నాడు. ఆమె బట్ట పట్టుకున్నాక మాటలు పెట్టుకోలేదు, బట్ట వదిలేసి పారిపోయాడు. సంతలో డబ్బు చేతికి రాగానే ఉప్పు, నూనె, ఇంటి సరుకులు కొనెయ్యాలి, మిగిలింది భార్య చేతిలోనో తల్లి చేతిలోనో పెట్టాలి. ఖాళీ కడుపుతో తిరిగి రాకూడదు, అక్కడే ఏదైనా తినాలి. సారా అమ్మే ఇల్లు దారిలో ఉంటే చుట్టుదారి పట్టాలి, అదీ తోడుతో. కుర్రాళ్లకు సంత సెల్‌ఫోనులోనే ఉంది. రాత్రి తొమ్మిదికల్లా ఫోను వేరే గదిలో ఛార్జింగుకు పెట్టాలి, దిండు కింద ఫోను ఉన్నంతకాలం ఏ తీర్మానమూ నిలవదు.

జీలుగు కల్లు ఇంకా మెత్తగా పట్టుకుంటుంది. తెల్లవారి చెట్టు నుంచి దించిన కుండలో అది తియ్యగా ఉంటుంది, మూతి చుట్టూ తేనెటీగలు ముసురుతాయి. చెట్టు నీళ్లే కదా అని పిల్లలకూ పోస్తారు. పొద్దెక్కేకొద్దీ ఆ కుండలోదే పులిసి నురగ కడుతుంది. పొద్దున గ్లాసుకు అలవాటుపడ్డవాడు మధ్యాహ్నానికి కూడా కుండ దగ్గరే కనిపిస్తాడు. దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుందని యాకోబు (1:15) చెప్పింది ఈ వరసనే.

పాస్టరుగార్లకు ముఖ్యంగా ఒక మాట. ఏళ్లుగా రోజూ తాగినవాడు మీ ప్రసంగం విని ఒక్కసారిగా మానేస్తే, కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనబడి కేకలు పెట్టవచ్చు. తాగుడు ఒక్కసారిగా ఆగినందువల్ల మెదడు తిరగబడే స్థితి అది, ప్రాణం కూడా పోవచ్చు. దయ్యం పట్టిందని గదిలో ఉంచి ఉపవాస ప్రార్థన మొదలుపెట్టడం ఘోరమైన తప్పు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, పక్కన కూర్చుని ప్రార్థించండి. మత్తు మానిపించే సలహాకు 14446 అనే ఉచిత నంబరు దేశమంతా పనిచేస్తుంది.

ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమన్న యాకోబు 5:16 మా దగ్గర చెడిపోయింది. ఒకాయన కన్నీళ్లతో చెప్పుకున్నది ‘ప్రార్థన అంశం’ పేరుతో వారం తిరక్కుండా వీధంతా తిరుగుతుంది. ఆయన మళ్లీ నోరు విప్పడు, పడినప్పుడు ఒంటరిగానే పడతాడు. ఒక్కరినే ఎంచుకోవాలి. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు. వారానికోసారి కలిసి మూడు విషయాలు అడగాలి: ఎక్కడ తడబడ్డావు, ఆ ముందు గంట ఎక్కడున్నావు, ఈ వారం ఏ వచనం నోటికొచ్చింది? రెండో ప్రశ్ననే గట్టిగా అడగాలి. తప్పు చేశాడని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) దూరంగా ఉంచిన మనిషి ఇంటికి నెలల తరబడి ఒక్క పెద్దా వెళ్లకపోతే, సాత్వికంతో మంచి దారికి తేవాలన్న గలతీయులకు 6:1 ఎవరు పాటించినట్టు?

రోజూ గంట ప్రార్థిస్తానని మొదలుపెట్టి నాలుగో రోజుకు మానేసేవారు ఎక్కువ. ఫోను ముట్టకముందు పదిహేను నిమిషాలు చాలు. రోజుకు ఐదు కీర్తనలు చదివితే 30 రోజుల్లో 150 పూర్తవుతాయి.

మీ పత్రికకు మా మనవి ఒక్కటే. సరిహద్దు జిల్లాలకు పంపే ప్రతి ఆదివారం సంచికలో ఒక వచనం పెద్ద తెలుగు అక్షరాల్లో, దాని కింద ఒడియా లిపిలో వేయండి. మా ఇళ్లలో కత్తిరించి గోడకు అంటిస్తారు. ఈస్టరుకు ముందు శ్రమకాలంలో ఆరు ఆదివారాలు ఉన్నాయి, ఆరు వచనాలు పిల్లల నోటికి వస్తాయి.

ఇట్లు,
కొందరు సంఘ పెద్దలు,
రాయగడ జిల్లా, ఒడిశా