నైట్ డ్యూటీ వాళ్ళకి ఒక మాట
అక్కలూ, తమ్ముళ్ళూ, మొన్న ఐసీయూలో పేషెంట్ పోయాక మనవాళ్ళలో ఒకమ్మాయి లిఫ్ట్ పక్కన కూర్చుని ఏడ్చింది. "ఏం లేదక్కా" అంటూనే మళ్ళీ వార్డుకెళ్ళిపోయింది. అలా లోపలే మింగేసుకోకండమ్మా. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడుకోడానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో మొదలైంది. ఉచితం, అర్ధరాత్రి చేసినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దీనికి పెద్ద దిక్కు మన బెంగళూరు హోసూర్ రోడ్డులో ఉన్న మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్సే.

సూది గుచ్చుకుంటే మాత్రం, తిడతారని దాచకండి. పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే క్యాజువాల్టీకి పరుగెత్తండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపే మొదలైతే మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పూర్తికానివాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూపులో వద్దు.

నైట్ దిగాక నిద్రమత్తులో సిల్క్ బోర్డు దగ్గర స్కూటీ నడపకండి, బస్సెక్కండి. శనివారం పులిహోర నేను తెస్తా.