పాత నంబర్ ప్లేట్ల విషయంలో మేం చేసిన తప్పు, ఇకపై మా పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా షాపుకి బండి తెచ్చేవాళ్లందరికీ, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకి కూడా, ఈ విషయం నేనే చెప్పాలి. ఇంకొకరి నోట మీకు తెలియడం నాకు ఇష్టం లేదు.

రెండు నెలల కిందట మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు షాపుకొచ్చారు. స్కూటర్ దిగలేదు, హెల్మెట్ తీయలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, "ఏరా, ఇది నీ చేతి పనేనా చూడు" అన్నారు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఈ-చలానా అది. హెల్మెట్లు లేకుండా ముగ్గురు కూర్చున్న నల్ల మోటార్ సైకిల్ ఫోటో ఉంది. మాస్టారికి మోటార్ సైకిలే లేదు. ఆయనకున్నది తెల్ల స్కూటర్ ఒక్కటే, అదీ ఊరు దాటదు. కానీ ఫోటోలో నంబరు మాత్రం ఆయన స్కూటర్‌దే.

ఫోటో పెద్దది చేసి చూశాను. ప్లేట్ కింద ఎడమ మూల వేలిగోరంత ఎర్ర రేడియం చుక్క కనిపించింది. ఒకప్పుడు మేం చేసిన ప్లేట్లన్నిటికీ గుర్తుగా ఆ చుక్క అంటించేవాళ్లం. 7 అంకె పైగీత ఒక పక్కకి కొద్దిగా లేచి ఉంది. అప్పట్లో మా దగ్గరున్న కటింగ్ మెషీన్ 7ని అలాగే కోసేది. కాసేపు నాకు నోట మాట రాలేదు. తర్వాత "మాదే మాస్టారూ" అన్నాను.

ఎలా జరిగిందో చెబుతాను. పాత బండ్లకి కూడా హై సెక్యూరిటీ ప్లేట్లు పెట్టించుకోవాలని అన్నప్పుడు చాలామంది ముందు మా దగ్గరికి వచ్చారు. పాత ప్లేట్ రివెట్లు తుప్పు పట్టి ఊడేవి కావు. మేం డ్రిల్ పెట్టి ఊడదీసి పంపేవాళ్లం. ఊడిన ప్లేట్ ఎవరూ అడిగేవాళ్లు కాదు, మేమూ ఇచ్చేవాళ్లం కాదు. షాపు వెనక గోనెసంచిలో వేసేవాళ్లం. సంచి నిండితే పాత ఇనప సామాన్ల కొట్టుకి కిలోల లెక్కన అమ్మేసేవాళ్లం. ఒక్క ప్లేట్ కూడా కత్తిరించలేదు. అన్నీ చెక్కుచెదరకుండా, అంకెలు నిగనిగలాడుతూ వెళ్లిపోయాయి. అక్కడి నుంచి ఎవరి చేతికి వెళ్లాయో నాకు తెలీదు. సామాన్లు కొన్నాయన తప్పు లేదు, ఆయన రేకు కొనుక్కున్నాడు. దాని మీద మీ నంబరు ఉందన్న సంగతి పట్టించుకోవాల్సింది నేను.

కొత్త ప్లేట్ వచ్చిందంటే పాతది చచ్చినట్టేనని నేనూ అనుకున్నాను. అది నిజం కాదు. ప్లేట్ మారింది గానీ నంబరు మారలేదు. కెమెరా రోడ్డు మీద అంకెలు చదువుతుంది. ఆర్‌సీలో ఆ నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఫోన్‌కి చలానా వస్తుంది. బండి నల్లదా తెల్లదా అన్నది ఆ తర్వాత మనిషి చూస్తే తప్ప తేలదు. మాస్టారిది చలానాతో పోయింది. అదే ప్లేట్ తగిలించుకుని ఎవడైనా మెడలో గొలుసు లాక్కుపోయినా, మనిషిని గుద్ది వెళ్లిపోయినా, పోలీసులు ముందు వచ్చేది మన ఇంటికే కదా. ఆ టెన్షన్‌తో నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు.

మాస్టారితో నేనే విశాఖ వెళ్లాను. స్కూటర్ ముందు, వెనక తీసిన ఫోటోలు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితం పట్టుకెళ్లాం. మమ్మల్ని కాపాడింది హై సెక్యూరిటీ ప్లేటే. అసలు ప్లేట్ మీద పై ఎడమ మూల అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగులో IND అని దేశం గుర్తు, ఎడమ కింద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటాయి. చలానా ఫోటోలోని ప్లేట్ మీద అవేవీ లేవు. అధికారి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసి, కంప్లయింట్ రాయించుకున్నారు. రెండోసారి వెళ్లాక చలానా కొట్టేశారు. రెండుసార్లూ ఖర్చు నేనే పెట్టాను. మాస్టారు వద్దన్నారు, నేను వినలేదు.

మనది సరిహద్దు ఊరు కాబట్టి ఈ బెడద మనకి ఇంకా ఎక్కువ. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత గీసి అటు కొంత, ఇటు కొంత చేశారు గానీ చుట్టరికాలు అటూ ఇటూ అలాగే ఉన్నాయి. అన్న పర్లాకిమిడిలో, తమ్ముడు టెక్కలిలో. బండి అక్కడ కొని ఇక్కడ తిప్పుతాం, ఇక్కడ కొని అక్కడి అల్లుడికి ఇస్తాం. మా షాపు ముందు ఒక్క పూట నిలబడితే ఒడిశావి ఓడీ 20, ఓఆర్ 20, ఆంధ్రావి ఏపీ 30, ఏపీ 39 నంబర్లు అన్నీ కనిపిస్తాయి. ఏ నంబరు చూసినా ఎవరికీ అనుమానం రాదు. దొంగకి కావాల్సింది కూడా అదే.

ఓఆర్ గురించి ఒక మాట. రాష్ట్రం పేరు 2011లో ఒడిశాగా మారాక కొత్త బండ్లకి ఓడీ వచ్చింది కాబట్టి, ఓఆర్ నంబర్లు చెల్లవని, ఆ ప్లేట్లు ఎవరు తీసుకెళ్తే ఏమైందని చాలామంది అంటున్నారు. అది తప్పు. ఓఆర్ మీద రిజిస్టరైన బండికి ఇప్పటికీ అదే నంబరు. ఆ ప్లేట్ పోతే మీ నంబరు ఇంకొకరి చేతికి పోయినట్టే.

ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఇక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తీసుకుని అటు వెళ్లి కొత్త నంబరు వేయించుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అప్పుడు పాత నంబరు ప్లేట్లు రెండూ చేతిలో మిగిలిపోతాయి. వాటిని ఇంట్లో అటక మీద పడేస్తారు. మొన్న మా వీధిలో ఒక పిన్ని గారింట్లో చూశాను, కోళ్ల గూటి తలుపుకి కారు ప్లేట్ అడ్డం పెట్టారు. అర మీటరు పొడవు ఉంటుంది కాబట్టి సరిగ్గా అతికింది. అడిగితే, "పిల్లాడి పాత కారుదిలే నాయనా, గట్టి రేకు, పారేయడమెందుకు" అన్నారు. ఆవిణ్ని ఒప్పించి, గూటికి వేరే రేకు బిగించి, ఆ ప్లేట్ తెచ్చి కోసేశాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది తుక్కు బండ్ల సంగతి. యాక్సిడెంట్‌లో నుజ్జయిన బండిని ప్లేట్లతో, ఆర్‌సీతో సహా ఎవరికో ఎంతోకొంతకి ఇచ్చేస్తుంటారు. కొనేవాడికి ఆ ఇనుముతో పనుండదు. దొంగ బండికి పేరు కావాలి, ఆ నంబరూ ఆ ఆర్‌సీ కావాలి. బండి ఇక నడవదని తేలితే 14 రోజుల్లోగా ఆర్టీవోకి తెలియజేసి, ఆర్‌సీ అప్పగించి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. 2021 నుంచి ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రాలకి రూల్స్ వచ్చాయి, అక్కడ ఇస్తే సర్టిఫికెట్ చేతికిస్తారు. దూరమైనా సరే, అక్కడికే ఇవ్వండి. మా షాపులో ఇకపై తుక్కు బండి కొనం, అమ్మిపెట్టం.

బండి అమ్మేటప్పుడు ప్లేట్లు బండితోనే వెళ్తాయి, అది సరే. కానీ కొన్నవాళ్ల పేరుకి మారేదాకా ఆ నంబరు మీదే. అమ్మినవాళ్లు కూడా 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి. కారైతే అద్దం మీది ఫాస్టాగ్ ఆ రోజే క్లోజ్ చేయండి, లేకపోతే ఎవరో టోల్ దాటితే డబ్బు మీ ఖాతాలోంచి పోతుంది. ముందు అద్దం పగిలి మార్పించేటప్పుడు లోపల అంటించిన రిజిస్ట్రేషన్ స్టిక్కర్ కూడా గీకించండి. దాని మీద ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. పీకితే తునకలయ్యేలా తయారు చేసిందే అది, పెద్ద పనేం కాదు.

ఇప్పుడు మా షాపు సంగతి. పోయిన నెల నుంచి ఏ ప్లేట్ ఊడదీసినా బండి యజమాని ఎదుటే కోస్తున్నాం. రేకు కత్తెరతో ప్రతి అంకెకీ మధ్య నిలువుగా కోసి, మళ్లీ అడ్డంగా ఒక కోత వేస్తున్నాం. అడ్డంగా మాత్రమే కోస్తే రెండు సగాలు కలిపి అతికించుకోవచ్చు, అందుకే రెండు వైపులా కోయాలి. హై సెక్యూరిటీ ప్లేట్ అయితే హోలోగ్రామ్‌ని, లేజర్ నంబరుని ముందు ఉలి పెట్టి చెక్కేస్తాం. ముక్కల్లో సగం మీకిస్తాం, సగం మా దగ్గర వేరే డబ్బాలో వేస్తాం. కోసిన తేదీ, నంబరు రాసి మీ సంతకం తీసుకుంటాం. దీనికి డబ్బులు లేవు. వేరే చోట ఊడదీయించిన ప్లేట్ తెచ్చినా కోసి ఇస్తాం, ఆర్‌సీ చూపిస్తే చాలు.

రేడియంతో నంబర్ ప్లేట్ రాయడం మాత్రం పూర్తిగా మానేశాం. ఇది నాకు నష్టమే, షాపు మొదలైంది ఆ పనితోనే. కానీ 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నిటికీ కంపెనీ నుంచే హై సెక్యూరిటీ ప్లేట్ వస్తోంది. ఆ తర్వాత కూడా "ప్లేట్ విరిగింది, తాత్కాలికంగా ఒకటి కొట్టివ్వు బాబూ" అని అడిగితే ఆర్‌సీ చూడకుండా ఇచ్చిన రోజులున్నాయి. తెలిసినవాళ్లేనని ఇచ్చాను. ఇకపై తెలిసినవాళ్లయినా ఇవ్వను, దయచేసి నొచ్చుకోకండి. ప్లేట్ విరిగితే అనుమతి ఉన్నవాళ్ల దగ్గరే కొత్తది ఆర్డర్ పెట్టాలి, ఆన్‌లైన్‌లో పెట్టడం రాకపోతే మా అబ్బాయి పెట్టిస్తాడు. పోయినా, ఎవరైనా ఊడదీసుకెళ్లినా ముందు పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చి కాపీ దగ్గర ఉంచుకోండి. రేపు ఏదైనా వస్తే మీ చేతిలో ఆ కాగితం తేదీతో సహా ఉండాలి.

మా దగ్గర పాత ప్లేట్ వదిలేసి వెళ్లినవాళ్లందరికీ చివరిగా ఒక పని చెబుతున్నాను. బిల్లు పుస్తకాలు తిరగేసి, ప్లేట్ ఊడదీసిన బండ్ల నంబర్లు దొరికినంతవరకు ఒక నోట్‌బుక్కులో రాశాను. 63 తేలాయి. బిల్లు లేకుండా చేసినవి ఇంకా ఉంటాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను, సగం మంది నంబర్లు మారిపోయాయి. నా ఫోన్ రాకపోయినా మీరే కేంద్ర ప్రభుత్వ పరివాహన్ ఈ-చలానా సైట్‌లో మీ బండి నంబరు కొట్టి చూడండి. ఆంధ్రా, ఒడిశా రెండు వైపులవీ చూడండి. మీది కాని చలానా కనిపిస్తే కట్టేయకండి. కడితే ఆ తప్పు మీరు ఒప్పుకున్నట్టవుతుంది. ఫోటో తీసుకుని షాపుకి రండి. ఫోటోలో ప్లేట్ కింద ఎడమ మూల ఎర్ర చుక్క ఉంటే అది మా ప్లేటే, అప్పుడు మీ వెంట నేను వస్తాను, ఏ ఊరైనా సరే. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూసి ఈ పని మీదే కూర్చుంటున్నాను, తలుపు తట్టండి.