ఐచ్ఛిక పేపరు ఎంపిక ఎవరిది?

సంపాదకులు గారికి,

నమస్కారం. డిగ్రీ మూడో సంవత్సరం మొదలయ్యే రోజుల్లో బి.ఏ. అర్థశాస్త్రం విద్యార్థుల చేతికి ఒక చిన్న కాగితం వస్తుంది. తాము చదవబోయే ఐచ్ఛిక పేపరు ఎదురుగా టిక్కు పెట్టి, కింద సంతకం చేసి ఆఫీసులో ఇవ్వాలి. డిగ్రీలో చేరడానికి తెలంగాణలో ఉన్న ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ప్రవేశాల గురించి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి పత్రికల్లో తరచూ చదువుతుంటాం గానీ ఈ కాగితం ఊసు ఎవరూ ఎత్తగా నేను చూడలేదు. మూడు దశాబ్దాల పాటు డిగ్రీ తరగతులకు అర్థశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా, దీని మీద నాలుగు మాటలు రాయక తప్పదనిపించింది.

గత ఏడాది మా వీధిలో ఉండే ఒక అమ్మాయి ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "సార్, ఇందులో ఏది తేలిక?" అని అడిగింది. తీసుకొని చూస్తే రెండు పేపర్ల పేర్లున్నాయి. ఒకదాని పక్కన అప్పటికే పెన్సిలుతో సన్నగా టిక్కు పెట్టి ఉంది. ఇది ఎవరు పెట్టారమ్మా అంటే, "ఆఫీసులో అందరికీ అట్లనే పెట్టి ఇచ్చిన్రు సార్, మేము దాని మీద పెన్నుతో దిద్దాలి" అంది. మరి నన్ను అడగడం దేనికంటే, రెండో పేపరుకు గైడు దొరుకుతుందేమో కనుక్కొని, దొరికితే క్లాసు క్లాసంతా కలిసి మార్చమని అడుగుదామనుకున్నారట. ఏ పేపరులో ఏముంటుందో, అది చదివితే ముందుకు ఎటు పోవచ్చో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి పెన్సిలు గీత మీదే పెన్నుతో దిద్ది ఇచ్చి వచ్చింది.

ఈ తప్పు ఆ కళాశాలది మాత్రమే అనను. శాఖలో ఇద్దరే అధ్యాపకులు, అందులో ఒకరు గెస్ట్ లెక్చరర్ అయినప్పుడు నలుగురు విద్యార్థుల కోసం వేరే పేపరు నడపడం ఎంత కష్టమో నాకు తెలుసు. శాఖాధిపతిగా ఉన్నప్పుడు నేనూ ఈ పని చేశాను. ముప్పై మందిలో నలుగురు గణాంక పద్ధతుల పేపరు కావాలంటే, వారిని కూర్చోబెట్టి నచ్చజెప్పి మిగతావారితో కలిపేశాను. ఆ నలుగురిలో ఒకడు రెండేళ్ల తరువాత ఎం.ఏ. ప్రవేశ పరీక్ష రాసి వచ్చి, ప్రశ్నపత్రంలో సంభావ్యత, రిగ్రెషన్ వంటి గణాంకాల ప్రశ్నలన్నీ వదిలేశానని చెప్పాడు. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

విద్యార్థికి ఎంపిక స్వేచ్ఛ కల్పించడానికే యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015లో ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానాన్ని తెచ్చింది. తెలంగాణ విశ్వవిద్యాలయాలు 2016-17 నుంచి దాన్ని అమలు చేశాయి. ఆంధ్రప్రదేశ్ 2023-24 నుంచి ఒక ప్రధాన సబ్జెక్టు (మేజరు), ఒక ఉప సబ్జెక్టు (మైనరు) పద్ధతికి మారింది. 2022 డిసెంబరులో వచ్చిన యు.జి.సి. కొత్త చట్రం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు అని లెక్క చెప్పింది. ఈ పత్రాలన్నిటిలో ఛాయిస్ అన్న మాట ధారాళంగా దొరుకుతుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, 2015 నాటి యు.జి.సి. నమూనాలో అర్థశాస్త్రం ఆనర్స్ విద్యార్థికి పద్నాలుగు కోర్ పేపర్లు, అంటే తప్పనిసరిగా చదవవలసినవి, ఉన్నాయి. వాటిలో గణిత పద్ధతులు రెండు, గణాంక పద్ధతులు ఒకటి, ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే ఎకనామెట్రిక్స్ ఒకటి. ఈ పునాది పడ్డాకే ఢిల్లీలో చదివే పిల్లవాడు పర్యావరణ అర్థశాస్త్రమో అంతర్జాతీయ వాణిజ్యమో ఎంచుకుంటాడు గనుక, ఏది ఎంచుకున్నా అతనికి పెద్దగా పోయేదేమీ లేదు. మన దగ్గర మూడు సబ్జెక్టుల బి.ఏ.లో చేరేవారిలో ఎక్కువ మంది ఇంటర్‌లో హెచ్.ఇ.సి., సి.ఇ.సి. చదివి, లెక్కలను పదో తరగతితోనే వదిలేసినవారు. వీరికి గణాంకాలతో గట్టి పరిచయం కలిగించే అవకాశం చాలాసార్లు ఆ ఒక్క ఐచ్ఛిక పేపరే. అది పోతే తరువాత తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికైనా, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కైనా పోటీపడాలంటే గణితం, గణాంకాలు రావాలి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎం.ఎస్. క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ప్రవేశానికి గణితంలోనే విడిగా ఒక పరీక్ష పెడుతుంది. పీజీ పూర్తిచేసి ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాద్దామనుకున్నా, జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపరులో గణాంక, ఎకనామెట్రిక్ పద్ధతులు కాచుకొని ఉంటాయి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివారని సభల్లో గొప్పగా చెప్పుకొనే మనం, గైడు లేదన్న కారణంతో గణాంకాల పేపరును ఎత్తేస్తున్నాం.

అలాగని అందరూ ఎకనామెట్రిక్సే చదవాలని నా వాదన కాదు. ప్రభుత్వ ఉద్యోగం లక్ష్యంగా పెట్టుకున్న పిల్లలకు తెలంగాణ గ్రూప్-2లో 600 మార్కులకు గాను 150 మార్కుల పేపరు ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మీదే ఉంది. వారు ప్రభుత్వ విత్త శాస్త్రమో అభివృద్ధి అర్థశాస్త్రమో తీసుకుంటే తప్పు పట్టవలసిందేమీ లేదు. తెలిసి తీసుకోవాలి, అంతే.

ఇక వ్యవసాయ అర్థశాస్త్రం సంగతి. మార్కులు తేలికగా పడతాయన్న పేరుతో మన పిల్లలు దాన్ని ఎంచుకుంటారు, అందుకు తగ్గట్టే మనమూ తేలికగా చెప్పి ఊరుకుంటాం. కమతం నిర్వచనం, కమతాల విభజనకు ఐదు కారణాలు, నివారణకు ఐదు మార్గాలు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఊళ్లలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు ఉన్నాయి. అక్కడి రైతులు ఏ పంట వేశారు, ఎంత అప్పు చేశారు, కరువు ఏడాది ఎలా నెట్టుకొచ్చారు అన్న వివరాలను ఇంటింటా ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఆ లెక్కల మీద విదేశీ విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి. అదే పాలమూరు నుంచి వచ్చి వ్యవసాయ అర్థశాస్త్రం పేపరు రాసే పిల్లల్లో ఆ రెండు ఊళ్ల సంగతి విన్నవారు నా తరగతుల్లో ఒక్కరూ తగల్లేదు. నేను చెబితే, దోకూరు దగ్గరి పిల్లవాడొకడు "మా ఊరి పక్కదే సార్" అని లేచి నిలబడ్డాడు. ఆ గంట పాఠం గైడు అక్కర లేకుండా నడిచింది.

గృహ వినియోగ వ్యయ సర్వే సంగతీ ఇంతే. 2022-23లో తలసరి నెలవారీ ఖర్చు గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు అని పోటీ పరీక్షల కోసం బట్టీ పడతారు. ఆ సర్వే మూల వివరాలను కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చని, కంప్యూటర్ ల్యాబులో కూర్చొని మన రాష్ట్రం లెక్క మనమే తీసుకోవచ్చని తెలిస్తే, గణాంకాల పేపరంటే ఇంత భయం ఉండదు.

చేయవలసినవి ఖజానా మీద పెద్ద భారం మోపేవి కావు. నాలుగో సెమిస్టర్ ముగిసేలోపే ప్రతి ఐచ్ఛిక పేపరు గురించి తెలుగులో ఒక పేజీ వివరణ విద్యార్థికి అందాలి. అందులో ఏముంటుంది, ఎంత గణితం కావాలి, ఏ పై చదువుకు, ఏ పరీక్షకు అది పనికొస్తుంది అన్నది తేటగా రాయాలి. ఒకే పట్టణంలోని రెండు మూడు కళాశాలల్లో నలుగురేసి విద్యార్థులు ఒకే పేపరు కోరితే, వారిని ఒకచోట చేర్చి వారానికి రెండు రోజులు తరగతి నడపవచ్చు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా చదివి క్రెడిట్లు పొందడానికి యు.జి.సి. 2021 నిబంధనలు అనుమతిస్తున్నాయి. అధ్యాపకుడు లేని పేపరుకు ఆ దారి ఉందని విద్యార్థికి చెప్పి, ల్యాబు తాళం తీసి ఇస్తే చాలు. తెలుగు మాధ్యమం విద్యార్థులు ఐచ్ఛిక పేపర్లకు గైడ్ల మీద ఆధారపడకుండా పాఠ్యపుస్తకాలు సకాలంలో తెచ్చే బాధ్యత తెలుగు అకాడమీ తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ కళాశాలలో ఏ ఐచ్ఛిక పేపరు నిజంగా బోధిస్తున్నారో దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టే సమయానికే విద్యార్థికి కనబడాలి. సిలబస్ పుస్తకంలో అచ్చయిన పేపర్ల జాబితా వేరు, తరగతి గదిలో నడిచే పేపరు వేరు. ఈ తేడా ఇప్పుడు విద్యార్థికి మూడో ఏట గానీ తెలియడం లేదు, అప్పటికి కళాశాల మారే వీలుండదు. వచ్చే విద్యాసంవత్సరం ఐచ్ఛిక ఫారాలు అచ్చుకు వెళ్లేలోపే ఉన్నత విద్యామండలి, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక మండళ్లు ఈ విషయాన్ని పరిశీలించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ.